ఏడు చేపలు, ఒక చీమ, నేను

ఒరేయ్ శ్రీనూ,

ఫోన్ చేద్దామంటే సీతంపేట కొండల్లో నీకు సిగ్నల్ ఉండదు. ఉన్నప్పుడేమో నువ్వు ఎత్తవు. అందుకే కాగితం తీశాను. డైట్ కాలేజీలో టీచర్ ట్రైనింగు రెండేళ్ళూ నీ నోట్సు చూసి రాసుకున్నవాడు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాడేంటని నవ్వుకో, పర్లేదు.

సంగతేంటంటే, మా బళ్ళో ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక కథ చదువుతున్నాను. ఐదు తరగతులకీ ఇద్దరమే కదా. టీచరుగారు ఒకటీ రెండూ చూసుకుంటారు, మిగతా మూడూ నావి. గుడ్డూ పప్పూ తిన్నాక పిల్లలకి కళ్ళు మూతలు పడిపోతుంటాయి. ఆ వేళ లెక్కలు చెప్తూ నేనే ఆవలించిన రోజులున్నాయి. సరే, కథైనా చదువుదామని మొదలుపెట్టాను. అంతకు మించి పెద్ద ఆశయమేమీ లేదు, నమ్ము.

కథ చెప్పడం కాదురా, పుస్తకం చూసి చదవడం. రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. చెప్పేటప్పుడు నా ఇష్టం, రోజుకో రకంగా చెప్తాను. పుస్తకంలో అలా కుదరదు. నిన్న ఉన్న మాటే ఈరోజూ అక్కడే ఉంటుంది. మూడోసారి చదివేటప్పుడు తొందరలో ఒక లైను వదిలేస్తే వెనక వరసలోంచి "మాస్టారూ, ఆవు మాట ఒగ్గేసినారు!" అని కేక. ఆ పిల్లాడికి ఇంకా ఒత్తులు రావు. కానీ అక్షరాల్లో మాట దాక్కుని ఉంటుందని వాడికి తెలిసిపోయింది. నేను ఎన్ని చార్టులు అంటించినా తెలియని సంగతి అది.

మొదట చదివింది మన ఏడు చేపల కథే. రీడింగ్ కార్నర్‌లో తాడుకి వేలాడుతుంటే దుమ్ము దులిపి తీశాను. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, బొమ్మలు వాళ్ళకి కనపడేలా పుస్తకం పక్కకి తిప్పి పట్టుకుని చదివాను. మెడ పట్టేసిందనుకో. అంతా అయ్యాక, అలవాటు కదా, "ఈ కథలో నీతి ఏమిటి?" అన్నాను. నాలుగో తరగతి వాడొకడు టక్కున లేచి చేతులు కట్టుకుని "అబద్ధం ఆడరాదు మాస్టారూ" అన్నాడు.

ఆ కథలో ఎవడాడాడురా అబద్ధం? చేప ఎండలేదంది, గడ్డిమోపు అడ్డమొచ్చిందంది, ఆవు మెయ్యలేదు, గొల్లవాడు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. అందరూ నిజమే చెప్పారు! కానీ వాడి తప్పేం లేదు. నీతి అడిగితే మాస్టారికి ఏదో ఒకటి అప్పజెప్పాలి, అది నేర్పింది మనమే. చందమామలో బేతాళుడు గుర్తున్నాడా? జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుందని విక్రమార్కుణ్ణి బెదిరించేవాడు. మనం కింద జవాబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పందెం కాసేవాళ్ళం. క్లాసులో నేనూ అచ్చం బేతాళుడిలాగే ఉన్నానని ఆరోజు అనిపించింది. ఒకటే జవాబు, చెప్పకపోతే తల పగలడం.

మర్నాడు అదే కథ మళ్ళీ చదివి, ప్రశ్న మార్చాను. "వింటుంటే మీకేం గుర్తొచ్చింది?" అన్నాను. ఒక్కడూ నోరు విప్పలేదు. నా ప్రాణం కొట్టుకుపోతోంది, నేనే ఏదో చెప్పేయాలని. అప్పుడు ఒక ట్రైనింగులో విన్న మాట గుర్తొచ్చింది. మేరీ బడ్ రో అని అమెరికాలో ఒకావిడ 1970ల్లో క్లాసుల్లో మాటలు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదట. దాన్ని 3 సెకన్లు చేస్తే చాలు, పిల్లలు ఎక్కువ మాట్లాడుతున్నారట, ఎప్పుడూ మాట్లాడని వాళ్ళు కూడా. ఆరోజు బిస్కెట్లు తింటూ విని వదిలేశాను. ఇప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాను. ఏడో వేలు దగ్గర ఒకమ్మాయి "మా అమ్మమ్మ డాబా మీద సావిడి చేపలు ఎండబెడతాది మాస్టారూ, కాకులు ఎత్తుకుపోతాయి" అంది. ఇక చూడు, కాకుల గురించి పావుగంట. పాఠం ఎటో పోయిందని లోపల టెన్షన్. ఆ గోలలోనే, ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే మూడో తరగతి వాడు మెల్లిగా అన్నాడు: "ఏడ్సిన పిల్లాణ్ణి అంతమందినీ అడిగినాక అడిగినారు."

శ్రీనూ, ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన కథ. చేపని అడిగారు, ఆవుని అడిగారు, అవ్వనీ అడిగారు. పిల్లాడి వరకూ వచ్చేసరికి ఎంతసేపయిందో నాకెప్పుడూ తట్టలేదు. ఆ కిటికీ పక్కవాడి అమ్మానాన్నలు హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్ళి ఉన్నారు, వాడు తాత దగ్గర ఉంటాడు. నేను "అవును" అని ఊరుకున్నాను. ఇంకేమనాలో తోచలేదు కూడా.

అన్నీ ఇలా బాగానే జరిగాయనుకునేవు. ఒకరోజు తప్పు చేశాను. కథలో తాగుబోతు రాజు వస్తే ఒక పిల్ల "మా నాన్న కూడా" అని ఆగిపోయింది. నేను ఊరుకోవచ్చు కదా, "ఆఁ, చెప్పమ్మా, చెప్పు" అని అందరి ముందూ కదిపాను. వారం రోజులు కథప్పుడు తలెత్తలేదు. అప్పటినుంచి ఎవరైనా సరే "నేను చెప్పను" అనొచ్చని పెట్టాం. అలా అన్నవాళ్ళని రెండోసారి అడగను. మాట్లాడటం ఇష్టంలేని వాళ్ళకి ఒక పాత నోటుబుక్కు ఇచ్చాను, బొమ్మేసినా సరే, రెండు ముక్కలు రాసినా సరే. వాళ్ళు చూపిస్తేనే చూస్తాను. దానిమీద ఎర్రపెన్ను పెట్టను. మొన్న తనిఖీకి వచ్చినాయన అవి తిరగేసి "ఇన్ని తప్పులుంటే దిద్దలేదేం మాస్టారూ?" అన్నారు. నీళ్ళు నమిలాను.

ఆయన్నీ అనలేం. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లెక్క ప్రకారం మూడో తరగతి పిల్లాడు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థమయ్యేలా చదవాలి కదా, 2026-27 నాటికి అందరూ. నేనూ ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చదివిస్తున్నాను, అది అక్కర్లేదనడం లేదు. చదవడం రాకుండా ఆలోచన ఒక్కటే ఏం చేసుకుంటారు? కానీ ఆ కిటికీ పక్కవాడు ఇంకా 30 దగ్గరే ఉన్నాడు. వాడన్న మాట ఏ కాలమ్‌లో రాయాలి, చెప్పు.

గుజరాత్ మాస్టారు గిజుభాయి రాసిన 'పగటికల' మనం పరీక్ష కోసమే బట్టీపట్టాం కదా, మొన్న మళ్ళీ తీశాను. అందులో మాస్టారికి మొదటిరోజు క్లాసంతా గోలగోలై, చేసేదిలేక పిల్లల్ని ఇంటికి పంపేస్తాడు, మర్నాడు కథతో మొదలెడతాడు. 1932లో అచ్చయిన పుస్తకం. ఈసారి చదువుతుంటే ఆ గోల నాకు బాగా వినపడింది.

నీతో పనుంది. మీ సవర గిరిజన పిల్లలకి పుస్తకంలో తెలుగే పరాయి భాష కదా. ఈ ఏడు చేపలు నువ్వు చదివాక, వాళ్ళమ్మమ్మల్లో ఎవరినైనా బడికి పిలిచి సవరలో చెప్పించు. అక్కడ చేప ఎండకపోవడానికి కారణం గడ్డిమోపే అవుతుందో, ఇంకేదైనా అవుతుందో నాకు కావాలి. పిల్లలేం అన్నారో అలాగే రాయి, దిద్దకు.

సిరిమాను పండక్కి తప్పకుండా రా, మా ఇంట్లోనే ఉందువు. వచ్చేటప్పుడు నా పాత నోట్సు తీసుకురా. అదే, నీ నోట్సు.

నీ,
రమణ