పచ్చిక సంఘం వార్షిక నివేదిక, 2024–25
(సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ)

సభ్యులందరికీ నమస్కారం. మన పార్కులో పచ్చిక పెంచుకోవడానికే ఈ సంఘం పెట్టుకున్నామని మీకు మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ముందు కృతజ్ఞతలు. ఆదివారం తెల్లారి ఆరింటికల్లా పార పట్టుకుని హాజరైన ఆరుగురికి, తూర్పు గేటు ఎదురింటి కుళాయి మాకు వదిలేసినవారికి, జల్లెడ అరువిచ్చిన మేస్త్రికి, గడ్డి కోసే మిషను బ్లేడు పైసా తీసుకోకుండా సానబట్టిన గాజువాక వర్క్‌షాపు మిత్రుడికి, అల్లం టీ ఫ్లాస్కులు పంపిన ఇల్లాళ్లకు, మన తోటమాలికి. పేర్లు రాస్తే ఎవరినో మరిచానని మాట వస్తుంది, అందుకే రాయలేదు.

ఈ ఏడు గర్వంగా చెప్పుకోదగ్గది పార్కు ఉత్తరపు సగం. అక్కడ గడ్డి ఎండితే నీళ్లు చాలకేనని అందరూ అన్నారు. తీరా గునపం వేస్తే నాలుగు వేళ్ల లోతు కూడా దిగలేదు. పందిళ్లూ వాకింగూ కలిసి నేలను సిమెంటులా చేశాయి. పైగా అప్పట్లో కడియం నర్సరీల నుంచి వచ్చిన గడ్డి షీట్లను గ్రావెల్ కలిసిన ఎర్రమట్టి మీద ఉన్నవున్నట్టు పరిచేశారు. షీటు అడుగున వచ్చే బంకమట్టి పొర నీళ్లు పట్టి ఉంచుతుంది, వేళ్లు దాన్ని దాటి కిందికి పోవు. ఎండ ముదిరితే ఆ పలచని పొర ఒక్కరోజులో ఆరిపోతుంది, గడ్డి మాడుతుంది.

ఈసారి 20 సెంటీమీటర్ల లోతు తవ్వి, రాళ్లేరి, 100 చదరపు మీటర్లకు ఒక ఘనపు మీటరు చొప్పున బాగా చివికిన పశువుల ఎరువు కలిపాం. వెంటనే నాటలేదు. రెండుసార్లు తడిపి, మొలిచిన కలుపును రెండుసార్లూ పీకాం. జులై మొదటి వానలకు రెండు కణుపులున్న గరిక ముక్కలను జానెడులో సగం ఎడంతో గుచ్చి, రోలరు తిప్పాం. ఒక చదరపు మీటరు షీటు విడదీస్తే పది చదరపు మీటర్లకు సరిపోయింది. ఖర్చు తగ్గిందంటే కారణం అదే. దసరాకి ఖాళీలన్నీ మూసుకున్నాయి.

ఇసుక సంగతి ఒకటి. సముద్రం ఎదురుగా పెట్టుకుని నది ఇసుక కొనడమేమిటని అడిగినవారున్నారు. బీచ్ ఇసుకలో ఉప్పుంటుంది, తీసుకురావడం నేరం కూడా. పచ్చిక మీద పలచగా పరిచే పైపూతకు జల్లించిన నది ఇసుకే వాడాలి. 5 మిల్లీమీటర్ల మందానికి 100 చదరపు మీటర్లకు అర ఘనపు మీటరు పడుతుంది. పోసేముందు నేలకు కన్నాలు పెట్టాలి. అందుకు అరంగుళం జీఐ పైపు ముక్కలు నాలుగు, కొసలు వాలుగా కోసి, అడ్డకమ్మీకి వెల్డింగ్ చేయించాం. మొదట పైపుల పక్కన గాటు పెట్టించలేదు. మట్టి లోపలే బిగుసుకుపోయి, పది కన్నాలకోసారి చువ్వతో పొడవాల్సి వచ్చింది. గాటు పెట్టించాక మట్టికడ్డీలు వాటంతట అవే రాలిపోయాయి.

నీటి కోసం రెండు మడులు విడిగా పెట్టాం. ఒకటి రోజూ కాస్త కాస్త, రెండోది వారానికి రెండుసార్లు గట్టిగా తడిపాం. రోజూ తడిపినదాంట్లో నాచూ తుంగా వచ్చాయి, బొరిగెతో లేపితే వేళ్లు చాపలా పైనే చుట్టుకుని ఉన్నాయి. వేసవిలో వారానికి చదరపు మీటరుకు 25 లీటర్లు చాలు. ఎంత పడిందో తెలియాలంటే స్ప్రింక్లరు కింద ఐదు స్టీలు గిన్నెలు పెట్టి స్కేలుతో కొలవండి, ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. సాయంత్రం తడపకండి, రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగులు పట్టుకుంటుంది.

తుంగను పీకడమంటే దాన్ని పెంచడమే. పైమొక్క పోగానే కింద నిద్రపోతున్న గడ్డలు లేచి ఒకటికి నాలుగు వస్తాయి. చెరకు తోటల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అనే కలుపుమందునే, నీళ్లలో కలిపి చల్లే 75 శాతం గుళికలుగా, మనమూ వాడాం. మోతాదు హెక్టారుకు 90 గ్రాములు, అంటే 100 చదరపు మీటర్లకు ఒక్క గ్రాము కూడా లేదు. బంగారం తూచే త్రాసు తెచ్చుకోక తప్పదు. చల్లడానికి రెండ్రోజుల ముందూ తర్వాతా కోయకూడదు. రెండు వారాలదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది, కంగారుపడి మళ్లీ చల్లొద్దు.

యూరియా 100 చదరపు మీటర్లకు నెలకు 1.1 కిలో మించకూడదు. అది కూడా సగం నిలువుగా, సగం అడ్డంగా, ఇసుకలో కలిపి ఆరిన ఆకు మీద చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి. గుప్పిళ్లతో విసిరితే ఏమవుతుందో పడమటి మూల చూడండి. మధ్యలో కాలిన మచ్చ, చుట్టూ నల్లటి పచ్చరంగు వలయం. విసిరిన చేయి ఎవరిదో నివేదికలో అవసరం లేదు.

కోత విషయం నోరు నొప్పెట్టేలా చెబుతున్నాం. ఒకేసారి మూడో వంతుకు మించి కోయొద్దు. గరికను మూడు సెంటీమీటర్ల దగ్గర ఉంచండి. ఏపుగా పెరగనిచ్చి నేలబారుగా కోస్తే తెల్లటి కాడలే మిగులుతాయి. ఆకు కొసలు చీలి తెల్లబడితే తెగులు కాదు, బ్లేడు మొద్దుబారింది.

గోల్ఫ్ మైదానాల్లో వేసే టిఫ్‌వే గడ్డి విత్తనం తెప్పించమని ఇద్దరు అడిగారు. అమెరికాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త రూపొందించిన టిఫ్‌వే సంకర గరికకు విత్తనమే కట్టదు, పిలకలతోనే పెరుగుతుంది. ప్యాకెట్‌లో టిఫ్‌వే అని అమ్మితే మోసం. (ఆయన సజ్జ వంగడంతోనే 1965లో మనకు హెచ్‌బి-1 హైబ్రిడ్ సజ్జ వచ్చింది. మన పొలాలకు బాగా చేసినాయనే.) కానుగ చెట్ల కింద మాత్రం ఏ గరికా నిలవదు, దానికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. అక్కడ నీడలో బతికే మోండో గడ్డి వేశాం, అది నిజానికి గడ్డే కాదు.

వినాయక చవితి నాడు పొద్దున్నే పూజకని కొత్త మడిలోనే గరిక పీకారు. దూర్వాలు కావాలంటే దక్షిణం గోడ వెంబడి కావలసినంత ఉంది, స్వామి ఏమీ అనుకోడు. మండపం తొమ్మిది రోజులు టార్పాలిన్ మీద ఉంటే కింద పచ్చిక పాలిపోతుంది, వచ్చే ఏడాది సిమెంటు వేదిక మీదే పెట్టాలని తీర్మానం కోరుతున్నాను.

పార్కు చూడాల్సిన అధికారులకు నీటి కనెక్షన్ కోసం నాలుగు అర్జీలిచ్చాం. ఫైలు కదులుతోందన్నారు. ఎటు కదులుతోందో చెప్పలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు, ఆడిటరు సంతకం ఉంది. బకాయి చందాలు అడిగించుకోకుండా కట్టగలరు.

సభ్యుల జాబితాలో అరవై పైచిలుకు పేర్లున్నాయి, ఆదివారం పారలు ఆరే. వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి పడమటి మూలకు కన్నాలు పెట్టాలి. కన్నాలు పెట్టే ఫోర్కులు రెండున్నాయి, జల్లెడ మేస్త్రికి తిరిగి ఇచ్చేశాం, ఎవరింట్లోనైనా జల్లెడ ఉంటే తీసుకురాగలరు.

ఇట్లు,
కార్యదర్శి, విశాఖపట్నం