మెదడు చిత్రాల్లో రంగులు, వాటి వెనుక లెక్కలు

సంపాదక మహాశయులకు,

మెదడు స్కానింగ్‌పై వార్త వచ్చినప్పుడల్లా ఎరుపు, పసుపు మచ్చలున్న బొమ్మ వేసి ‘ఈ భాగం పనిచేస్తోంది’ అని రాయడం పత్రికల్లో పరిపాటి అయింది. ఆ రంగులు శక్తి వినియోగానికి నేరుగా కొలతలు కావని పాఠకులకు చెప్పాలి. 1990లో సెయిజీ ఒగావా బృందం వెల్లడించిన సూత్రంపై నడిచే ఫంక్షనల్ ఎమ్మారై పసిగట్టేది రక్తంలోని ఆక్సిజన్ మార్పునే. ఒక భాగం ఉత్తేజితమైనప్పుడు అక్కడికి రక్తప్రవాహం బాగా పెరిగినా, ఆక్సిజన్ వాడకం మాత్రం స్వల్పంగానే పెరుగుతుందని 1986లోనే పీటర్ ఫాక్స్, మార్కస్ రైకల్ పెట్ స్కాన్‌తో (శరీరంలోకి పంపిన స్వల్ప రేడియోధార్మిక పదార్థం జాడను పట్టే స్కాన్) చూపించారు.

శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతిలో మనం వాడే శక్తిలో దాదాపు 20 శాతం తీసుకుంటుంది. అందుకే, వంద గ్రాముల కణజాలం నిమిషానికి ఎంత గ్లూకోజ్ వాడుతోందో అంకెల్లో తేల్చే పద్ధతులకు అంత విలువ. అలాంటి పెట్ స్కాన్‌లో ఎఫ్‌డీజీ (గ్లూకోజ్‌ను పోలిన రేడియోధార్మిక పదార్థం) సూదిమందు ఇచ్చాక రోగిని మసక వెలుతురున్న గదిలో, ఫోన్ చూడనివ్వకుండా, మాట్లాడనివ్వకుండా ఉంచుతారు. చదివినా, విన్నా ఆయా భాగాల లెక్క మారిపోతుంది. ఈ కారణం ముందే చెప్పకపోతే పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లు బెదిరిపోతారు.

కాకతీయ వైద్య కళాశాల వైద్యులు, వరంగల్ నిట్ ఆచార్యులు కలిసి మన జిల్లాల ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు ఈ విషయాన్ని తెలుగులో వివరించాలని, మీరు సైతం అలాంటి బొమ్మ కింద ఏది కొలిచారో, దేనితో పోల్చారో ఒక్క వాక్యమైనా వేయాలని కోరుతున్నాను.

— విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ