‘పార్ట్స్ షార్టేజ్’ అంటే ఏ పార్టో చెప్పాలి

సంపాదకులకు,

ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందే) బండి బుక్ చేసి నెలలు దాటాక ఫోన్ చేస్తే, విజయవాడలోనైనా గుంటూరులోనైనా షోరూము నుంచి వచ్చే మాట ఒక్కటే: “పార్ట్స్ షార్టేజ్ సార్, పైనుంచే రావట్లేదు.” ఆ మాటలో నిజం ఉంది. అయితే ఏ పార్టు రాలేదు, ఏ వేరియంటుకు రాలేదు, మన ఆర్డరు ఎక్కడ ఆగింది అన్నవాటిలో ఒక్కటి కూడా అందులో లేదు. కొనేవాడికి కావలసింది ఆ మూడే.

బోల్టులతో సహా లెక్కిస్తే ఒక బండిలో సుమారు 30 వేల విడిభాగాలుంటాయి. ఫ్యాక్టరీలు నెలల తరబడి స్టాకు పెట్టుకోవు, ఏ రోజు సరుకు ఆ రోజు బండ్లు బిగించే లైన్‌కి చేరేలా నడుపుకొంటాయి. అందుకే ఒక్క ముక్క ఆగినా బండి ఆగుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను ముంచిన మంచు, మార్చిలో జపాన్‌లో రెనెసాస్ చిప్ ఫ్యాక్టరీలో లేచిన మంటలు ఇక్కడి బుకింగులనూ వెనక్కి నెట్టాయి. కొరత పడిన చిప్‌లలో ఎక్కువ భాగం ఏబీఎస్ బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్‌లను నడిపే ఈసీయూల్లో (చిన్న కంప్యూటర్లలో) వాడే చవక రకాలే. చవకైనా, తయారై రావడానికి మూడు నెలలకు పైనే పడుతుంది. 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు రేర్ ఎర్త్ లోహాల మీద, వాటి అయస్కాంతాల మీద ఎగుమతి లైసెన్సు పెట్టింది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటారులో ఉండేది ఆ అయస్కాంతమే.

మరి టూవీల్ డ్రైవ్ (రెండు చక్రాలకే శక్తి అందే బండి) తొందరగా వచ్చి, ఫోర్‌బైఫోరే ఎందుకు ఆగుతుంది? ఇంజిను శక్తిని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, మలుపులో రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ముందు డిఫరెన్షియల్, ముందు చక్రాలకు పోయే డ్రైవ్ షాఫ్టులు టూవీల్ డ్రైవ్‌కి అక్కర్లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు లారీ ఆలస్యమైతే కంపెనీ లైన్ ఆపుకోదు, అదే లైన్ మీద టూవీల్ డ్రైవ్ బండ్లు ఎక్కిస్తుంది. కాబట్టి “నా తర్వాత బుక్ చేసినవాడికి ముందొచ్చింది” అనే ప్రతి ఫిర్యాదులోనూ మోసం ఉండదు. క్యూ ఒకటి కాదు. ఇంజిను, గేరుబాక్సు, టాపు, రంగు కలిపి ఎన్ని రకాలో అన్ని క్యూలు. మధ్యలో వేరియంటు మార్చుకుంటే పాత తేదీ నిలుస్తుందా, క్యూలో చివరికి పోతామా అన్నది మార్చకముందే రాయించుకోవాలి. పోనీ టూవీల్ డ్రైవే తీసుకోమనే సలహా పల్నాడు నల్లరేగడి చేలల్లోనూ, కొల్లేరు చెరువు గట్ల మీదా పనికిరాదు. జులై తర్వాత అక్కడ వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండి ఉన్నచోటే గొయ్యి తవ్వుకుంటుంది.

ఆర్డరు నడిచే వరుస తెలిస్తే షోరూములో సరైన ప్రశ్న అడగొచ్చు. ముందు కంపెనీ సిస్టమ్‌లో ఆర్డరు నంబరు పడుతుంది. షోరూము ఇచ్చే రసీదు నంబరు వేరు, ఇది వేరు. రసీదు ఉండి ఆర్డరు నంబరు లేకపోతే మన బుకింగు డీలరు పుస్తకంలో మాత్రమే ఉన్నట్టు. తర్వాత ఆ నెల కోటాలో కేటాయింపు, తయారీ, కంపెనీ నుంచి డీలరు పేరుతో బిల్లు. ఈ బిల్లులోనే 17 అక్షరాల ఛాసిస్ నంబరు వస్తుంది. ఆ తర్వాత ట్రెయిలరు. మహీంద్రా థార్ అయితే నాసిక్ నుంచి, మారుతీ జిమ్నీ గురుగ్రామ్ నుంచి, ఫోర్స్ గుర్ఖా పీథంపూర్ నుంచి రావాలి. మన వైపు వచ్చే బండ్లతో ట్రెయిలరు నిండితే గానీ అది కదలదు. చివరగా యార్డు, తనిఖీ, మన పేరున ఇన్వాయిస్, రిజిస్ట్రేషన్.

ఛాసిస్ నంబరు పడక ముందు ఎవరు ఏ తేదీ చెప్పినా అది ఊహే. కాబట్టి “ఎప్పుడొస్తుంది” అని కాకుండా “ఛాసిస్ నంబరు పడిందా” అని అడగాలి. పడేదాకా బుకింగు సొమ్ము మించి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. బ్యాంకు లోను మంజూరు పత్రానికి గడువుంటుంది. అది దాటితే వడ్డీ రేటుతో సహా అంతా మొదటికొస్తుంది. ఛాసిస్ నంబరు లేకుండా లోను డబ్బు విడుదల చేయిస్తే బండి రాకముందే వడ్డీ మొదలవుతుంది.

ధర సంగతీ అంతే. బుకింగు ఫారం వెనక చీమతలకాయంత అక్షరాల్లో “డెలివరీనాటి ధరే వర్తిస్తుంది” అని ఉంటుంది. పన్నుకీ చూడాల్సింది ఇన్వాయిస్ తేదీనే, బుకింగు తేదీని కాదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పుడు చాలామంది పొరబడింది ఇంకోచోట: నాలుగు మీటర్ల లోపు బండి కదా, 18 శాతమే అనుకున్నారు. పొడవు తక్కువైనా పెట్రోలు ఇంజిను 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటితే 40 శాతమే. ఫోర్‌బైఫోర్‌లు దాదాపు అన్నీ అందులోకే వస్తాయి.

కొరత కాలంలో ఇంకో పద్ధతి నడుస్తుంది, రాని భాగాన్ని తీసేసి బండి ఇచ్చేయడం. 2022 అక్టోబరులో జపాన్‌లో టయోటాయే రెండు స్మార్ట్ తాళంచెవుల బదులు ఒక స్మార్ట్ తాళంచెవి, ఒక మామూలు తాళంచెవి ఇస్తామని ప్రకటించింది. ప్రకటించి ఇస్తే తప్పులేదు. చెప్పకుండా ఇస్తేనే చిక్కు. బ్రోచరు ఒకటి బుకింగు రోజే దాచుకుని, డెలివరీ రోజు అంశాలవారీగా సరిచూసుకోవాలి. తక్కువున్నది “తర్వాత బిగిస్తాం” అంటే భాగం పేరు, గడువు, ఉచితమన్న మాట ఇన్వాయిస్ మీదే రాయించాలి.

త్వరగా కావాలనుకునేవారికి మన పంచాంగమే ఒక దారి చూపిస్తుంది. ఆషాఢంలోనూ, మూఢంలోనూ, పుష్యంలోనూ కేటాయించిన బండిని చాలామంది తీసుకోరు. దసరాకు ఇంద్రకీలాద్రి దగ్గర పూజ చేయించాలనుకునేవాళ్లు నెలల ముందే వచ్చిన బండినీ వద్దంటారు. అలా వద్దన్న బండి తర్వాతివాడికి పోతుంది. పట్టింపు లేనివారు ఆ సంగతి సేల్స్‌మన్‌కి ముందే చెప్పి ఉంచితే సరి.

అలా దొరికిన బండిని మాత్రం రిజిస్ట్రేషనుకు ముందే యార్డులో పగటి వెలుగులో చూడాలి. తయారీ నెల అడగాలి. డిసెంబరు బండిని జనవరిలో తీసుకుంటే అమ్మేరోజున ఏడాది పాతదే. టైరు పక్కన చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం: 3525 అంటే 2025లో 35వ వారం. స్టెప్నీతో కలిపి అయిదూ చూడాలి, కొరతలో స్టెప్నీ వేరే కంపెనీది రావచ్చు. ఇంజిను ఆపి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులకు దగ్గరగా ఉండాలి, 12.2 అంటే సగం ఖాళీ. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి బురద చార ఉందేమో, సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో చూడాలి. 2024 బుడమేరు వరద చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. ఫోర్‌బైఫోర్ లీవరు తప్పక వేసి చూడాలి, కానీ మట్టి నేల మీద. తారు మీద ‘ఫోర్ హై’లో (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో తిరిగే గేరులో) మలుపు తిప్పితే బండి బిగదీసినట్టు కుదుపుతుంది, అది లోపం కాదు. మధ్య డిఫరెన్షియల్ లేని బండి తత్వమే అంత. ‘ఫోర్ లో’ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) మాత్రం బండిని పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి వేయాలి, ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో. డ్యాష్‌బోర్డు దీపం వెలగాలి, తీసేశాక ఆరాలి.

ఇన్సూరెన్సు షోరూములోనే చేయించాలన్న నిబంధన ఏదీ లేదు. “బండి ఇన్సూరెన్సు మా దగ్గరైతేనే తొందరగా” అంటే అది కొరత కాదు, బేరం.

రవాణా శాఖ, పౌర సరఫరాల శాఖ చేయగలిగిన పని ఒకటుంది. బుకింగు ఫారం తెలుగులో కూడా ఉండాలని, అందులో కంపెనీ ఆర్డరు నంబరు, వేరియంటు, అంచనా నెల, రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల్లో ఎంత తిరిగిస్తారు, తయారీలో ఏ భాగం తగ్గినా ముందే తెలుపుతామన్న హామీ కనిపించే సైజు అక్షరాల్లో ఉండాలని డీలర్లను ఆదేశించవచ్చు. అడ్వాన్సు తిరిగి ఇవ్వకుండా తిప్పించుకుంటున్నవారి మీద ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. అక్కడా తేలకపోతే కొనుగోలుదారు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోగా కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు.

— విడిభాగాల వ్యాపారులు, జవహర్ ఆటోనగర్, విజయవాడ