ఒక్క పాస్‌లో అన్నావట

చిరంజీవి వాసుకి,

నీ దగ్గర్నుంచి మాట వచ్చి 18 రోజులైంది. అది అడగడానికి రాయడం లేదులే, ఊరికే రాస్తున్నాను. కళ్ళద్దాలు మార్చుకున్నావా? సుధక్క మాటల్లో మాటగా ఒకటి చెప్పింది. రెండు పట్టికల మధ్య తేడాలన్నీ ఒక్క పాస్‌లో (అంటే డేటాను మొదటి నుంచి చివరికి ఒక్కసారే చదివి), కొద్దిపాటి మెమరీతో, ఒక్కటీ తప్పిపోకుండా పట్టిస్తానని మీ ఆఫీసు పెద్దాయన ముందు ఒప్పుకున్నావట. సుధ చెప్పేదాంట్లో సగం దాని ఊహే. అందుకే నేనేమీ అనడం లేదు.

ఒక్కటి మాత్రం ఆలోచించు. నీ పనిలాంటిదే ఇంకో చిన్న పని తీసుకో. ఒకదాని వెనక ఒకటిగా వచ్చే డేటా ప్రవాహంలో వేర్వేరు ఐడీలు ఎన్ని వచ్చాయో కచ్చితంగా చెప్పే ప్రోగ్రామ్ ఉందనుకో. మధ్యలో ఆపి దాని మెమరీకి నకలు తీసుకో. ఏదో ఒక ఐడీ ఇచ్చి చూడు: లెక్క పెరిగితే అది ఇంతకుముందు రానిది, పెరగకపోతే వచ్చినదే. మళ్ళీ నకలు దగ్గర మొదలుపెట్టి ఇంకో ఐడీ ఇవ్వు. అంటే వచ్చిన ఐడీలన్నీ ఆ మెమరీలో ఎక్కడో దాగి ఉండాల్సిందే! 128 బిట్ల ఐడీలు 100 కోట్లు వస్తే, ఎంత కుదించినా 1,200 కోట్ల బైట్ల కిందికి దిగదు. ఏ కోడూ దీన్ని దాటలేదు, నువ్వు ఎన్ని రాత్రులు మేలుకున్నా సరే. (మేలుకుంటున్నావనీ సుధే చెప్పింది.)

కొంచెం తప్పుకు ఒప్పుకుంటే కథ వేరు. ఆ లెక్కనే ఉజ్జాయింపుగా చెప్పే హైపర్‌లాగ్‌లాగ్‌లో 16,384 గళ్ళు, గడికి 6 బిట్లు, మొత్తం 12,288 బైట్లు, దోషం 0.81 శాతం. అది ప్రామాణిక దోషం నాన్నా, గరిష్ఠ హద్దు కాదు. దాదాపు మూడుసార్లలో ఒకసారి దాటుతుంది. రిపోర్టులో '0.81 శాతం లోపే' అని రాసి ఇరుక్కోకు.

బాబాయి సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పలేదనుకుంటా. పాత పట్టిక, కొత్త పట్టిక, ఒక్కోదాంట్లో 100 కోట్ల వరసలు, ఒక్కోటి 1 టెరాబైట్. రెండూ ఒకటేనా అని చూడాలి. పాతదాంట్లో వరస తీయడం, కొత్తదాంట్లో ఇండెక్స్ పట్టుకుని వెతకడం, అలా మొదలుపెట్టాడు. తిరిగే డిస్క్ మీద ఒక్కో వెతుకులాటకు 10 మిల్లీసెకన్లు. మొత్తం కోటి సెకన్లు, అంటే 115 రోజులు. మూడో రాత్రి గానీ ఆ గుణకారం చేయలేదు మహానుభావుడు. తర్వాత, రెండిటినీ ఒకే క్రమంలో పేర్చి పక్కపక్కన పోల్చొచ్చని సార్టింగ్‌కు దిగాడు. 8 గిగాబైట్ల మెమరీ, కాబట్టి 128 సార్ట్ చేసిన ముక్కలు, అన్నిటినీ ఒకేసారి కలపడం. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక్కో ముక్కకు 4 కిలోబైట్ల బఫర్ (చదివింది పెట్టుకునే మెమరీ జాగా) ఇచ్చాడు. 128 బఫర్లూ కలిపి అర మెగాబైట్, మిగతా మెమరీ అంతా ఖాళీ! ప్రతి 4 కిలోబైట్లకూ డిస్క్ హెడ్ కదలాలి: దాదాపు 26.8 కోట్ల కదలికలు, 31 రోజులు. బఫర్‌ను 32 మెగాబైట్లకు పెంచి, రాయడానికి వేరే డిస్క్ పెడితే కదలికలు 32,768కి పడిపోయాయి, ఐదున్నర నిమిషాలు. ఇక మిగిలింది వరసగా చదవడం, రాయడం. సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో ఒక టెరాబైట్‌కు రెండు గంటలు, ముక్కలు చేయడానికి చదివి రాయడం, కలపడానికి మళ్ళీ చదివి రాయడం, నాలుగు విడతలు కాబట్టి పట్టికకు 8 గంటలు. ఆ మూడు రాత్రులూ బాబాయి ఎవరి ఫోనూ ఎత్తలేదు.

ఆ 128 ముక్కల్ని రెండేసి చొప్పున కలుపుతూ పోతే 7 విడతలు పడతాయి: 128 అంటే 2 ఘాతం 7, ఆ 7 దాని లాగరిథమ్. ఆ లాగరిథమ్ ఊరికే రాలేదు. 2005, 2006లలో మార్టిన్ గ్రోహె, నికోల్ ష్వైకార్ట్, వాళ్ళ సహచరులు నిరూపించినది దాని గురించే. డేటా పరిమాణం ఎన్ అనుకో. డిస్క్ లాంటి బయటి నిల్వ మీద చదివే దిశ మారే సార్లు లాగ్ ఎన్ స్థాయి కంటే తగ్గి, లోపలి మెమరీ కూడా ఎన్‌కు నాలుగో మూలం కంటే బాగా తక్కువైతే, రెండు సమితులు ఒకటేనా అన్నది తప్పులేకుండా తేల్చలేం. పాచికలు వేసినా (యాదృచ్ఛిక సంఖ్యలు వాడినా), తేడా ఉన్నప్పుడు 'ఒకటే' అని ఎప్పుడూ అనకూడదంటే కుదరదు. కానీ తప్పును ఆ పక్కకే వదిలితే రెండు పాస్‌లు చాలు: యాదృచ్ఛికంగా ఆర్ అనే సంఖ్య తీసుకుని, ఒక్కో పట్టికలో ప్రతి విలువనూ ఆర్ నుంచి తీసివేసి, వచ్చినవన్నీ ఒక ప్రధాన సంఖ్య మాడ్యులోలో (దానితో భాగిస్తే మిగిలే శేషమే ఉంచుకుంటూ) గుణించు. విలువలు ఆ ప్రధాన సంఖ్య కంటే చిన్నవై ఉండాలి. 2 ఘాతం 61 నుంచి 1 తీసేసిన సంఖ్య వాడితే, 100 కోట్ల వరసలకు మోసపోయే అవకాశం 200 కోట్లలో ఒకటి కంటే తక్కువ. రెండు లబ్ధాలు వేరైతే పట్టికలు వేరే, అనుమానం లేదు. ఎక్కడ వేరో మాత్రం చెప్పదు. నువ్వు ఒప్పుకున్నది ఆ 'ఎక్కడ' కదూ? ఎక్స్ఎంఎల్ (ట్యాగుల్లో ట్యాగులుగా రాసే డేటా) ప్రవాహం జోలికీ పోతున్నావట. అక్కడ మెమరీ ట్యాగుల లోతును బట్టి పెరుగుతుంది, అది విడిగా చూసుకో.

చీవాట్లు పెట్టకూడదనే కూర్చున్నాను, చూడు ఎటు పోయానో. తేడాలు వెయ్యి లోపే ఉంటాయని మీ పెద్దాయన ఒప్పుకుంటే దారి ఉంది: ఇన్వర్టిబుల్ బ్లూమ్ ఫిల్టర్, అంటే వేసిన ఐడీలను తిరిగి తీయగలిగే చిన్న పట్టిక. 2,000 గళ్ళు పెట్టు, హాష్ (ఐడీ నుంచి కట్టే సంఖ్య) చెప్పినట్టు ఒక్కో ఐడీనీ కొన్ని గళ్ళలో వేస్తూ పో. ఒక్కో గడిలో ఐడీల ఎక్స్‌ఓఆర్ (ఒకే విలువ రెండుసార్లు పడితే సున్నా అయ్యే బిట్ల కలయిక) 16 బైట్లు, హాష్‌ల ఎక్స్‌ఓఆర్ 8, లెక్క 4, అంతా కలిపి 56,000 బైట్లు. పాతదాన్ని కలుపు, కొత్తదాన్ని తీసెయ్యి. లెక్క 1 గానీ మైనస్ 1 గానీ ఉండి హాష్ సరిపోయిన గడి నుంచి ఒక్కో ఐడీనీ, అది పడిన మిగతా గళ్ళలోంచీ తీసేస్తూ, ఒలుచుకుంటూ పో. ఒకే పట్టికలో ఒక ఐడీ రెండుసార్లు ఉంటే ఎక్స్‌ఓఆర్ కొట్టుకుపోయి లెక్క 2 మిగులుతుంది, ఒలవడం అక్కడే ఆగుతుంది. ముందే అలాంటివి లేకుండా చూసుకో. తేడాలు మరీ ఎక్కువైనా మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు వచ్చినంత చాల్లే అని పంపకు, గళ్ళు పెంచి మళ్ళీ నడుపు.

'తేడాలన్నీ' అన్న మాట రేపే మార్పించు. మెయిల్ రాయడానికి మొహమాటమైతే రాసినది ముందు నాకు పంపు. వేళకు పడుకో. ఫోన్ చార్జింగ్‌లో పెట్టుకో, సుధ చేస్తే స్విచాఫ్ వస్తోందట.

అమ్మ