ఫ్యాను గాలిలో పిల్ల వాటా

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ప్రియమైన బావా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. రాయగడలో కూర్చుని నన్ను తిట్టుకుంటూనే ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. నలభై ఏళ్లు బట్టల కొట్లో చిట్టా, ఆవర్జా రాసినవాణ్ణి కదా, ఈ నెల ఒక చిన్న స్కూలు నోటుబుక్కు ముందు బోల్తా పడ్డాను. ఆ సంగతి తేలేదాకా కలం పట్టబుద్ధి కాలేదు.

మా అక్క కొడుకు కాపురం సంగతి నీకు తెలిసిందే. వాడు విశాఖలో, వాడి భార్య పిల్లతో ఇక్కడ మా వీధి చివర ఒక గదిలో. జాకెట్లు కుట్టుకుని బతుకుతోంది. 2023లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షను కింద, అంటే భార్యాబిడ్డల పోషణ ఖర్చు అడిగే కేసు వేసింది. తనకు మనోవర్తి అక్కర్లేదు, పిల్ల పోషణకు ఇప్పిస్తే చాలంది. కోర్టు నెలకు 6,000 రూపాయలు ఖరారు చేసింది. ఏడాది పైగా సక్రమంగానే పంపాడు. తర్వాత ఉన్నట్టుండి మూడు నెలలు ఆపేసి, ఒక రోజు మా గుమ్మంలో దిగాడు.

“మామయ్యా, నేను పంపేది పిల్లకా, ఆవిడకా? ఇంట్లోకి ఫ్రిజ్జు వచ్చిందట. ఎనిమిదేళ్ల పిల్లకు ఫ్రిజ్జెందుకు? మీరు లెక్కలు తెలిసినవారు. నెలనెలా ఖర్చు రాయించి, రసీదులు చూసి నాకు చెప్పండి. అప్పుడే పంపుతాను.”

నిజం ఒప్పుకుంటాను. ఆ “లెక్కలు తెలిసినవారు” అన్న మాటకు ఉబ్బిపోయాను. రిటైరయ్యాక నన్ను ఎవరైనా లెక్క అడిగి ఎన్నాళ్లయింది! పైగా డబ్బిచ్చేవాడు దాని లెక్క అడగడంలో తప్పేముందని కూడా అనిపించింది. మా షావుకారు అగరువత్తుల ఖర్చు కూడా అడిగేవాడు.

ముందు వకీలు దగ్గరకు వెళ్లాం. అలా రసీదులు అడిగే సెక్షనే లేదని ఆయన నవ్వేశాడు. లెక్కలు అడగాల్సిన చోటు ముందే దాటిపోయిందట. 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజ్నేష్, నేహ అనే భార్యాభర్తల మనోవర్తి కేసులో తీర్పు ఇచ్చినప్పటి నుంచి ఇలాంటి కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలి. ఆ 6,000 తేలింది ఆ కాగితాల మీదనే. పరిస్థితి మారితే మొత్తం తగ్గించమనో, పెంచమనో అడగవచ్చు. దానికి పాత చట్టంలో 127 సెక్షను ఉండేది, 2024 జూలై 1 నుంచి కొత్తగా వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 146 అయింది. మన 125 కూడా అందులో 144. నంబర్లు మారాయి గానీ జైలు మారలేదు అన్నాడు వకీలు. కట్టని ఒక్కో నెలకు నెల రోజుల దాకా లోపల పెట్టవచ్చు. మావాడి ముఖం చూడాలి నువ్వు!

అయినా వదల్లేదు. ఫోను తీసి అమెరికా సంగతి చూపించాడు. అక్కడ ఇండియానా అనే రాష్ట్రంలో, అవసరం ఉందని రుజువు చేస్తే ఇక మీదట పెట్టే ఖర్చుకు లెక్క చూపమని కోర్టు ఆదేశించవచ్చట. “అవసరం ఉందని ముందు నువ్వు రుజువు చేయాలి కదరా, అది చదవలేదా?” అన్నాను. చదవలేదు. మరి మైనరు ఆస్తి చూసే గార్డియను కోర్టుకు లెక్కలు ఇవ్వడం లేదా అని ఇంకో పక్కనుంచి వచ్చాడు. అదీ నిజమే. 1890 నాటి గార్డియన్ చట్టంలో ఉంది. మా షావుకారు తమ్ముడు చనిపోయినప్పుడు ఆ పిల్లల వాటా లెక్కలు రాసింది నేనే కదా. కానీ అది పొలం, ఇల్లు, బ్యాంకులో డబ్బు. పిల్లవాడు పెద్దయ్యేదాకా నిలవ ఉండాల్సిన సొమ్ము. ఇది ఈ నెల వచ్చి ఈ నెలే కంచంలోకి వెళ్లిపోయేది.

ఇంత తెలిసీ నాలోని గుమాస్తా ఊరుకోలేదు బావా. మర్నాడు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. విషయం చెప్పడానికి నేను నానా తంటాలు పడుతుంటే, ఆమె మిషను మీదనుంచి లేచి, బియ్యం డబ్బా వెనకనుంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. “ఎప్పుడో ఒకరోజు అడుగుతారని రాస్తున్నాను మామయ్యగారూ. మీరు వస్తారని మాత్రం అనుకోలేదు” అంది. ఆ రెండో మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

పిల్ల వాడగా మిగిలిన పుస్తకం. ముందు పేజీల్లో ఒడియా అక్షరాలు దిద్దింది, వెనకనుంచి అమ్మ తెలుగులో లెక్క. కొన్ని పేజీల్లో రెండూ ఎదురుపడ్డాయి, “క”కు పక్కనే కందిపప్పు. నేను కళ్లద్దాలు పెట్టుకుని పోయిన నెల తీశాను. స్కూలు ఫీజు 1,100. రిక్షా 600. ఒడియా ట్యూషను 400, ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లకు అది తప్పదు కదా. పాలు అర లీటరు, రోజుకు 30 చొప్పున 900. అద్దె 3,000. ఇక్కడ ఆగాను. ఉన్నది ఇద్దరు, గది ఒకటి. పిల్ల పేరున సగం రాశాను, 1,500. బరంపురంలో కళ్లు చూపించి కళ్లజోడు కొన్నది 1,450. కూడితే 5,950. అంటే 50 రూపాయలు మిగిలాయి. ఇంకా బియ్యం రాయలేదు. నూనె, గ్యాసు, సబ్బు, చెప్పులు, బరంపురం బస్సు చార్జీ, ఏదీ రాయలేదు.

తర్వాత వచ్చింది కరెంటు బిల్లు. ఉన్న ఒక్క ఫ్యాను కింద మధ్యాహ్నం అమ్మ జాకెట్లు కుడుతుంది, సాయంత్రం పిల్ల చదువుకుంటుంది, రాత్రి ఇద్దరూ పడుకుంటారు. ఆ గాలిలో పిల్ల వాటా ఎంత? పెన్సిలు నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను, నవ్వకు. రెండున్నర రూపాయల తేడా వస్తే రాత్రంతా కొట్లో కూర్చుని పట్టుకున్న రోజులున్నాయి నాకు. ఇది పట్టుబడలేదు. ఫ్రిజ్జూ అంతే. పాతపట్నంలో ఎవరో అమ్మేస్తుంటే పాతది కొన్నదట, నెలకు 400 చొప్పున కడుతోంది. మే నెలలో పాలు రెండు పూటలా విరిగిపోయి పారబోసిన రోజులు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నాయి. అది అమ్మ ఫ్రిజ్జా, పిల్ల ఫ్రిజ్జా?

అన్నిటికంటే నాకు తగిలింది ఇంకొకటి. పుస్తకంలో జమ వైపు 6,000 ఉంది, కుట్టుపని డబ్బు ఉంది. రాత్రి పిల్లకు జ్వరం వచ్చి మేలుకుని, మర్నాడు కుట్టలేకపోయిన జాకెట్లు ఏ వైపూ లేవు. వాటికి రసీదు ఎవరిస్తారు?

తండ్రుల అనుమానం ఎప్పుడూ తప్పేనని నేను అనను. మన చిన్నప్పుడు మా వెనక వీధిలో, కలకత్తానుంచి తండ్రి మనియార్డరు పంపుతుంటే మేనమామ పేకాటలో పోసిన ఇల్లు నీకూ గుర్తుండాలి. ఆ పిల్లవాడు చిరిగిన చొక్కాతో బడికి వచ్చేవాడు. దానికి పుస్తకం చూడాలా? పిల్లవాణ్ణి చూస్తే చాలలేదూ? అలాంటి చోట పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నదే కోర్టులో అడగాలి గానీ, అన్నం ఆపి రసీదులు అడగకూడదు. మావాడు ఏడాదిన్నరగా పిల్లను చూడలేదు. కళ్లజోడు వచ్చిన సంగతే వాడికి తెలియదు.

ఫోనులో అదే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఎంత పవరట?” అన్నాడు. నాకు తెలియదు, వెళ్లి అడుగు అన్నాను.

చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. స్కూలు ఫీజు 1,100 వాడే నేరుగా స్కూలుకు కడతాడు, మిగతా 4,900 ఐదో తారీఖులోగా ఆమె ఖాతాలో వేస్తాడు, దాని గురించి ఎవరూ ఏమీ అడగరు. నోటిమాట మీద వద్దని నేనే పట్టుబట్టాను. లేకపోతే రేపు ఆ ఫీజు 6,000లో లెక్కకు రాదని గొడవ వస్తుంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు, వకీలు కోర్టులో దాఖలు చేశాడు. ఇది గొప్ప పరిష్కారమేమీ కాదు. ఆమె ఒప్పుకున్నది నచ్చి కాదు, విసిగి. వాడికేమో స్కూలు రసీదు చేతికి వస్తే గెలిచినట్టు ఉంటుంది. ఉండనీ.

పుస్తకం రాయడం ఇక మానెయ్యమ్మా అన్నాను. సరేనంది. మొన్న మిషను మీద చూస్తే కొత్త పుస్తకం, అట్ట కూడా వేసి ఉంది.

చెల్లెమ్మ అడిగిన కొమ్ము దువ్వెనలు రెండు కొని ఉంచాను. రథయాత్రకు వస్తే తీసుకెళ్లవచ్చు. మోకాలికి ఆ నూనె పని చేసిందో లేదో రాయి.

ఆగిన మూడు నెలల్లో రెండు నెలల బాకీ పంపాడు. మూడోది ఇంకా రాలేదు. పొద్దున్నే మళ్లీ ఫోను చేయాలి, ఇక పడుకుంటాను.

నీ
బావ