కెమెరా రేటు రాశారు సరే, బిల్లు సంగతి రాయలేదేమండీ?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న మీ పేపర్లో కుర్రాళ్లకి సొంత ఉపాధి అని ఒక పేజీ వేశారు కదా, అందులో పెళ్లిళ్ల ఫోటోగ్రఫీ గురించి కూడా రాశారు, మంచి ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఒకటి కొనుక్కుంటే రెండు సీజన్లలో డబ్బులు తిరిగొచ్చేస్తాయి అన్నట్టుగా. అది పట్టుకుని మా వీధి చివర కుర్రాడొకడు పొద్దున్నే స్టూడియోకి వచ్చేశాడు, మాస్టారూ ఏది కొనమంటారు అని. వాళ్ళమ్మగారి గొలుసు బ్యాంకులో పెట్టడానికి కూడా మాట అయిపోయిందంట ఇంట్లో. అందుకే ఈ ఉత్తరం. నేను కోనసీమలో 26 ఏళ్ల నుంచి పెళ్లిళ్లు తీస్తున్నానండి, రీలు కెమెరాతో మొదలెట్టి ఇప్పుడు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా దాకా వచ్చాను, కాబట్టి నాలుగు ముక్కలు చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నా.

ముందు ఫుల్ ఫ్రేమ్ అనేది పైనుంచి ఊడిపడ్డదేం కాదండి. లోపల వెలుతురు పట్టే సెన్సార్ అనే పలక 36 మిల్లీమీటర్లు బై 24, అంటే సరిగ్గా మన పాత రీలు మీద ఒక ఫోటో ఎంత ఉండేదో అంతే. డిజిటల్ వచ్చిన కొత్తలో అంత సెన్సార్ చేయడం బాగా ఖరీదు, అందుకని చిన్న సెన్సార్ పెట్టి అమ్మారు, మేమంతా ఏళ్ల తరబడి దాంతోనే లాక్కొచ్చాం. 2002లో కేనన్ వాళ్ల వన్ డీఎస్ అనే ఫుల్ ఫ్రేమ్ కెమెరా 11 మెగాపిక్సెల్‌తో వచ్చింది కానీ అది మాలాంటోళ్లు పుస్తకాల్లో చూసుకోవడానికే. 2005లో ఫైవ్ డీ వచ్చాక కాస్త కిందకి దిగింది, 2008లో ఫైవ్ డీ మార్క్ టూ ఫుల్ హెచ్‌డీ వీడియోతో వచ్చాక ఇక సిటీ స్టూడియోల వాళ్లు వదిలిపెట్టలేదు. 2013లో సోనీ ఏ7 అద్దం లేకుండా వచ్చింది, 2018లో ఏ7 త్రీ వచ్చేసరికి మా జిల్లాల్లో కూడా పెళ్లికి ఒకటైనా కనబడ్డం మొదలైంది.

మరి చిన్న సెన్సార్‌తో పెళ్లిళ్లు జరగలేదా అంటే జరిగాయి. కానీ మన ముహూర్తాలు తెలుసు కదండీ, రాత్రి 2 గంటల 47 నిమిషాలకి అంటారు, మామిడాకుల పందిరి, పైన పసుపు బల్బులు, పక్కన సీరియల్ సెట్లు, వీడియో అతని లైటు ఒక పక్క నుంచి మొహం మీద కొడుతుంటే రెండో పక్క చీకటి. అడ్డుతెర దించేలోపు జీలకర్ర బెల్లం పెట్టే చేతులు, వెంటనే పిల్ల కళ్లెత్తి చూసే చూపు, అంతా రెండు మూడు సెకన్లు. అప్పుడు ఫ్లాష్ కొడితే ఆ వాతావరణం అంతా పోయి తెల్లటి గోడలాగా వస్తుంది, కొట్టకపోతే ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతుర్లో ఫోటోని వెలిగించే సెట్టింగు, ఆరు వేలో ఎనిమిది వేలో పెట్టాలి. చిన్న సెన్సార్‌లో ఆ నంబర్‌కి పట్టుచీర మీద రవ్వ చల్లినట్టు గరుకు వచ్చేస్తుంది. ఫుల్ ఫ్రేమ్ వైశాల్యం దానికి రెండుంబావు రెట్ల పైన ఉంటుంది, అంత వెలుతురు ఎక్కువ తాగుతుంది, అదీ దాని అసలు ఉపయోగం. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అని కుర్రాళ్లు చెప్పేదంతా రెండో మాట.

మెగాపిక్సెల్స్ గురించి మీ పేజీలో ఎక్కువుంటే అంత మంచిది అని రాశారు, అక్కడ మాత్రం నేను ఒప్పుకోనండి. మన పెళ్లి ఆల్బమ్ షీటు 12 బై 36 అంగుళాలు, తెరిస్తే ఒక్కో పేజీ 12 బై 18. అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింటేస్తే 5400 బై 3600 కావాలి. కేనన్ ఆర్6 అని 2020లో వచ్చింది, 20 మెగాపిక్సెల్, దాని ఫైలు 5472 బై 3648, పేజీకి కుట్టించినట్టు సరిపోతుంది. 24 అయితే ఇంకాస్త కత్తిరించుకోవచ్చు. 45 మెగాపిక్సెల్ కెమెరా కొన్నవాడు సినిమా పోస్టర్లు వేయాలి తప్ప పెళ్లికి మూడు వేల ఫోటోలు రా ఫైల్లో (సెన్సార్ పట్టినదంతా అలాగే దాచే పెద్ద ఫైలు) తీసుకుంటే హార్డ్ డిస్కులు కొనలేక చస్తాడు. 24 మెగాపిక్సెల్‌కే కంప్రెస్ చేసిన రా ఫైల్ ఒక్కోటి 25 ఎంబీ దాకా వేసుకోండి, పెళ్లికి 75 జీబీ, దానికి ఇంకో కాపీ పెట్టకపోతే రాత్రి నిద్ర పట్టదు.

ఇక బాడీ రేటు, అంటే లెన్స్ లేకుండా ఉత్త కెమెరా ధర. మీరు రాసింది బాడీ రేటు ఒక్కటే. ఆ కుర్రాడు కూడా అంతే లెక్కేసుకుని వచ్చాడు, తన దగ్గర ఉన్న పాత కెమెరా లెన్సులే దీనికి తగిలించేస్తానన్నాడు. చిన్న సెన్సార్ కోసం చేసిన లెన్స్ ఫుల్ ఫ్రేమ్‌కి పెడితే కెమెరా మధ్యలో ముక్క మాత్రమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెల్ కాస్తా 10 అయిపోతుంది, ఆ మాత్రం దానికి లక్షలు పోయడం దేనికండీ. పెళ్లిలో ఎక్కువగా వాడే 24-70 జూమ్ లెన్స్, తక్కువ వెలుతుర్లో కూడా పనికొచ్చే రెండు పాయింట్ ఎనిమిది రకం, కంపెనీది అసలైనది తీసుకుంటే, చాలాసార్లు బాడీ రేటుతో సమానంగా నిలబడుతుంది. తర్వాత దూరానికి 70-200 లెన్స్, జూమ్ లేనిది ఒక 35 గానీ 85 గానీ, రెండు ఫ్లాషులు, స్పీడ్ కార్డులు, మూడు బ్యాటరీలు, ఆ ఫైళ్లు తెరిస్తే ఆగిపోని కంప్యూటర్. నేనైతే ఆ కుర్రాడికి కాగితం మీద కూడి చూపించాను, బాడీ మీద పెట్టేదానికి ఇంకో రెండింతలు వచ్చింది, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు పాపం.

కార్డు స్లాట్ల మాట ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 2018లో నికాన్ జెడ్6, కేనన్ ఈఓఎస్ ఆర్ వచ్చినప్పుడు రెండిటికీ ఒకే స్లాట్, పెళ్లిళ్లు తీసేవాళ్లంతా గొడవ చేశారు. అది చాదస్తం కాదండి. కార్డు పోతే తలంబ్రాలు మళ్లీ పోయమని అడగలేం కదా. పెళ్లికి కొనేది ఏ కంపెనీదైనా రెండు స్లాట్లుండాలి, ఒకేసారి రెండిట్లోనూ పడాలి, అంతే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను, ఇది నా తప్పు కూడా కాబట్టి కొంచెం సిగ్గుగానే రాస్తున్నా. నేను నా మొదటి ఫుల్ ఫ్రేమ్ హైదరాబాద్‌లో ఒక షాపులో కొన్నాను, షాపు పేరు, కంపెనీ పేరు రాయను. బిల్లుతో అయితే ఒక రేటు, లేకుండా అయితే 24 వేలు తక్కువ, ఇంటర్నేషనల్ వారంటీ ఉంటుంది సార్ అన్నాడు, ఒక తెల్ల కాగితం మీద స్టాంపు కొట్టి ఇచ్చాడు. డబ్బా సీలు చూశాను, సీరియల్ నంబర్ డబ్బా మీదా కెమెరా కిందా ఒకటే ఉంది, ఇంకేం కావాలి అనుకుని వచ్చేశాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నానండి చంటిపిల్లలాగా.

పద్నాలుగో నెలలో రాజోలు వైపు ఒక పెళ్లిలో, తాళి ముడి వేస్తుండగా టక్ మని శబ్దం వచ్చి స్క్రీన్ మీద ఎర్రర్ పడింది. ఆపి ఆన్ చేశా, బ్యాటరీ తీసి పెట్టా, లెన్స్ తిప్పా, ఫోటో తీసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే షట్టర్ రేకు సగంలో వంకరగా ఇరుక్కుపోయి కనబడుతోంది. మా అసిస్టెంట్ కుర్రాడి మెడలో పాత చిన్న సెన్సార్ కెమెరా ఉండబట్టి బయటపడ్డాను, ఆ మూడు ముళ్లూ దాంట్లోనే తీశాడు వాడు. పెళ్లికూతురి మేనమామ మాత్రం అప్పగింతల దాకా నా వంకే చూస్తూ ఉన్నాడు.

సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే అమ్మాయి సీరియల్ నంబర్ కొట్టి, సార్ ఇది ఇండియాలో అమ్మడానికి వచ్చింది కాదండీ, మీకు ఇక్కడ వారంటీ రాదు అని చల్లగా చెప్పింది. బిల్లుంటే రెండేళ్లలోపే కాబట్టి ఫ్రీగా అయ్యే పని. షట్టర్ మార్చడానికి 21 వేలు, పార్టు రావడానికి ఐదు వారాలు, ఈలోగా ఆరు పెళ్లిళ్లకి రోజుకి 2500 చొప్పున రెంటు కెమెరా, రెండుసార్లు హైదరాబాద్ ప్రయాణం. 24 వేలు మిగిలాయని మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను, ఇప్పటికీ ఏదైనా చవగ్గా తెచ్చానంటే బిల్లేది అంటుంది. షాపువాడికి ఫోన్ చేస్తే బ్రదర్ అప్పుడే చెప్పాను కదా అన్నాడు. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేద్దామనుకున్నా, కొన్నట్టు నా చేతిలో రుజువేది, ఆ తెల్ల కాగితం మీద షాపు పేరు కూడా సరిగ్గా లేదు.

ఇందులో మావాళ్ల కక్కుర్తి ఉందండి, కాదనను. కానీ లెక్క కూడా చూడండి. కెమెరాల మీద జీఎస్టీ మొదట 28 శాతం ఉండేది, 2019 జనవరి నుంచి 18 చేశారు. అసలు ధర రెండు లక్షలయితే పన్నే 36 వేలు. పెద్ద స్టూడియోలకి జీఎస్టీ నంబర్ ఉంటుంది, వాళ్లు కొన్నప్పుడు కట్టిన పన్నుని, తర్వాత తాము కట్టాల్సిన పన్నులో ఇన్‌పుట్ కింద తగ్గించుకుంటారు. ఏడాదికి 20 లక్షల లోపు చేసుకునే మాలాంటోడికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది మంచిదే, కానీ ఆ 36 వేలూ పూర్తిగా మా జేబులోంచే పోతాయి. అంటే బిల్లు వల్ల పెద్దోడికి లాభం, చిన్నోడికి భారం, మరి బిల్లు లేకుండా కొనేది ఎవరు? చిన్నోడే. కష్టం వస్తే తట్టుకోలేనిదీ వాడే. కుట్టు మిషన్ లాగా ఇది కూడా పనిముట్టే కదా, చిన్న ఫోటోగ్రాఫర్లకి ఏదో ఒక ఊరట ఇవ్వొచ్చు కదా అని నా మాట, ఎవరు వింటారో తెలీదు గానీ మీరు అచ్చేస్తే కనీసం నలుగురు చదువుతారు.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటానన్నాడు కుర్రాడు తర్వాత. తప్పేం లేదు, కానీ షట్టర్ ఎన్ని క్లిక్కులు తిరిగిందో చూడాలి. కంపెనీలు కొన్ని మోడల్స్‌కి లక్షన్నర, కొన్నిటికి రెండు లక్షలు, ఆర్6కి మూడు లక్షలు అని చెప్తాయి. పెళ్లికి మూడు వేలు కొడితే 50 పెళ్లిళ్లకే లక్షన్నర, అంటే బాగా నడిచే ఫోటోగ్రాఫర్ దగ్గర ఏడాది వాడిన కెమెరా చూడ్డానికి మెరుస్తూనే ఉంటుంది, లోపల పెళ్లయిపోయి ఉంటుంది. అలాగే లెన్స్‌కి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి, అద్దం లోపల సాలీడు దారాల్లాగా సన్నగా పాకి ఉంటే అది ఫంగస్, మా కోనసీమ తేమకి బీరువాలో బట్టల మధ్య పెట్టిన ప్రతి లెన్స్‌కీ పడుతుంది. అది పైన తుడిస్తే పోయేది కాదు.

ఇంకో అనుమానం ఏంటంటే అది దొంగ సరుకా కాదా అని. ఫోన్ అయితే ఐఎంఈఐ నంబర్ 14422కి మెసేజ్ పెడితే చెప్పేస్తుంది, పోయిందని సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెడితే బ్లాక్ చేస్తారు, దొరికిన ఫోన్లు పోలీసులు పిలిచి ఇస్తున్నారని మీ పేపర్లోనే ఫోటోలు చూస్తున్నాం. రెండు లక్షల కెమెరాకి కింద సీరియల్ నంబర్ ఉంటుంది గానీ అలా చూసుకోవడానికి మాకు ఒక చోటు లేదు. కళ్యాణమండపంలో బ్యాగు పోతే ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో నంబర్ పెట్టుకుని దండం పెట్టుకోవడమే. సిమ్ ఉండదు కాబట్టి ఫోన్‌లాగా బ్లాక్ చేయలేరు, అది అర్థమవుతుంది, కనీసం పోయిన నంబర్ల జాబితా అయినా పోలీసులు ఒక చోట పెడితే కొనేవాడు చూసుకుంటాడు, అమ్మేవాడు భయపడతాడు. ఈ సంగతి మీద మీ విలేకరి ఎవరైనా అధికారుల్ని అడిగితే బాగుంటుంది.

రెండు సీజన్లలో డబ్బులొస్తాయన్న మాట కూడా కొంచెం సవరించండి. 2024 వేసవి గుర్తుందా, గురు శుక్ర మూఢాలు రెండూ కలిసొచ్చి వైశాఖం, జ్యేష్ఠంలో ముహూర్తాలే లేవు, వెనకే ఆషాఢం. ఫైనాన్స్ వాడికి మూఢం ఉండదు కదండీ, 5వ తారీఖు కట్ అవ్వాల్సిందే. ఆ మూడు నెలలూ ఆధార్ ఫోటోలు, పాస్‌పోర్ట్ సైజులు, బారసాలలు తీసుకుని బతికాం. మా ఫ్రెండొకడు వాయిదాలు కట్టలేక అదే కెమెరాని సగం ధరకి అమ్మేశాడు.

ఆ కుర్రాడికి నేను చెప్పిందేంటంటే ఒక సీజన్ రెంటుకి తెచ్చి చెయ్యి, మూడు కంపెనీలవీ చేతిలో పట్టుకుని చూడు, నీ వేళ్లకి ఏది సరిపోతుందో తెలుస్తుంది, అడ్వాన్సులు కూడబెట్టి ముందు ఒక మంచి లెన్స్ కొను అని. వాడికి నచ్చలేదు, మొహంలో కనబడింది. ఫోన్ తీసి నా ఎదురుగానే ఏదో షాపుకి చేశాడు, స్పీకర్లో పెట్టాడు. రేటు బాగానే చెప్పారు అవతల నుంచి. బిల్లుతో ఎంత అవుతుందండీ అని అడిగాడు. అటునుంచి కాసేపు ఏం మాటాడలేదు, తర్వాత, బిల్లెందుకు బ్రదర్, ఆఫీసులో పెట్టాలా అన్నారు. వాడు ఫోన్ పెట్టేసి నా వంక చూశాడు.

మళ్లీ ఆ పేజీ వేసినప్పుడు బాడీ పక్కన లెన్స్ రేటు, బిల్లుతో రేటు కూడా వేయండి సార్. గొలుసు ఇంకా ఇంట్లోనే ఉందంట, నిన్న వాళ్ళమ్మగారు కూరల బండి దగ్గర కనబడి చెప్పారు.

ఇట్లు,
ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్,
కోనసీమ