గడప దాటలేనివారిని సోమరులనకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ‘హికికొమొరి’ గురించి వేసిన వ్యాసం చదివాను. జపాన్‌లో నెలల తరబడి గది విడిచి రాని యువకుల గురించి రాస్తూ శీర్షికలో ‘సోమరులు’ అన్నారు. చాలా బాధేసింది. అలాంటి తమ్ముడు మా ఇంట్లో ఉన్నాడు.

జపాన్ భాషలో ‘హికు’ అంటే లాగడం, ‘కొమోరు’ అంటే లోపలే ఉండిపోవడం. ఇందులో సోమరితనం ఊసే లేదు. సైతో తమాకి అనే మానసిక వైద్యుడు 1998లో రాసిన పుస్తకంతో ఆ మాట జనంలోకి వచ్చింది. ఆరు నెలలు, అంతకు మించి చదువుకీ పనికీ పోకుండా, బయటివారితో కలవకుండా ఇంట్లోనే ఉండిపోయేవారిని అలా అంటారు. పోనీ, ఇది కుర్రాళ్లకే వచ్చేదా అంటే అదీ కాదు. 2019లో అక్కడి ప్రభుత్వం చెప్పిన అంచనా ప్రకారం 40 నుంచి 64 ఏళ్లవారే ఆరు లక్షలు దాటారు. ఎనభై ఏళ్ల తల్లిదండ్రులు యాభై ఏళ్ల బిడ్డను సాకుతున్నారని దానికి ‘8050 సమస్య’ అని పేరే పెట్టారు. అది తెలిసినప్పటి నుంచి మా అమ్మానాన్నల గురించి టెన్షన్ పట్టుకుంది.

మాది కావలి. తమ్ముడు బీటెక్ అయ్యాక ఉద్యోగం రాక, పోటీ పరీక్షలంటూ గదిలో కూర్చున్నాడు. ముందు పెళ్లిళ్లకు రావడం మానేశాడు. ఇప్పుడు ట్రంకు రోడ్డు దాకా కూడా పోడు. ఎవరైనా కాలింగ్ బెల్ కొడితే చాలు, చప్పుడు వినబడకూడదని ఫ్యాన్ ఆపేస్తాడు. వాళ్లు వెళ్లేదాకా ఆ ఉక్కలోనే ఉంటాడు. అందరూ పడుకున్నాక వచ్చి అన్నం తిని, తన కంచంతో పాటు మా గిన్నెలన్నీ తోమి బోర్లించి పోతాడు. సోమరివాడు చేసే పనేనా అది?

చుట్టాలు ఫోన్ లాక్కోమంటారు. గొలగమూడిలో నిద్ర చేయించమంటారు. వెంకయ్యస్వామి అంటే మాకూ భక్తే, కానీ వాడు కారెక్కాలి కదా. ఒక ఆసుపత్రిలో అడిగితే ‘మనిషిని చూడకుండా ఏం చెప్తాం, తీసుకురండి’ అన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు. కానీ గది దాటలేకపోవడమే బాధ అయినవాణ్ణి ఓపీ క్యూలో ఎట్లా నిలబెట్టాలి?

జపాన్‌లో 2009 నుంచి వీళ్ల కోసం సహాయ కేంద్రాలు నడుస్తున్నాయి. ఇంట్లోవాళ్లతో మాట్లాడతారు, అవసరమైతే ఇంటికే వస్తారు. మన దగ్గర ఒకటో తారీఖున పింఛను ఇంటికి తెచ్చిస్తున్నారు. ఆశా కార్యకర్తలు గడప గడపకీ తిరుగుతున్నారు. కాళ్లూ చేతులూ బాగుండీ బయటికి రాలేనివాళ్లు ఉన్నారా అని వాళ్లు ఒక్క మాట అడిగి, మానసిక వైద్యులకు చెప్పే ఏర్పాటు చేయాలని మన జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

మీరు కూడా ఈసారి వ్యాసం కింద, మానసిక బాధలకు ఫోన్‌లోనే సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 వేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. బాధపడే మనిషే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు చేసినా పలుకుతారు. మా అమ్మ చేసింది.

ఇట్లు,
ఒక అక్క,
కావలి, నెల్లూరు జిల్లా